కడప రాయి – కడలి ఇసుక

పాఠ్యభాగ ఉద్దేశం : యురేనియం, థోరియం అనే రెండు రేడియోధార్మిక లోహాల స్వభావాన్ని, ఉపయోగాలను పోల్చి తెలుసుకోవడం, ఆ రెంటిలో ఒకటి కడప జిల్లా రాతిలోను, మరొకటి ఉత్తరాంధ్ర సముద్రతీరపు ఇసుకలోను ఎందుకు చేరినదో గ్రహించడం, భూమిలోని సంపద పైకి వచ్చినప్పుడు దానితో పాటు వచ్చే బాధ్యతను గుర్తించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు పేరు పొందిన పట్టణం. రాయలసీమలో పెండ్లి నగల కోసం ఆ ఊరి బజారుకు రాని కుటుంబాలు తక్కువ. అక్కడి కంసాలి చేతిలో ఒక ఘనసెంటీమీటరు మేలిమి బంగారం పెడితే త్రాసు 19.3 గ్రాములు చూపుతుంది. అంతే పరిమాణం గల యురేనియం ముక్కను పెడితే అది 19.1 గ్రాములు తూగుతుంది. కన్ను మూసుకొని చేతితో ఎత్తి చూచినవారు ఈ రెంటి భేదాన్ని కనిపెట్టలేరు. థోరియం ముక్క అదే పరిమాణంలో 11.7 గ్రాములే ఉంటుంది. అంటే అది సీసానికి కొంచెం పైన, వెండికి మరికొంచెం పైన నిలుస్తుంది. పోలిక బరువుతోనే ఆగిపోతుంది. బంగారం వేల ఏళ్ళయినా మెరుపు కోల్పోదు. యురేనియం వెండివలె మెరిసే లోహమే కాని, గాలి తగిలిన కొద్ది రోజులలోనే దాని ముఖం నల్లబడుతుంది. శుద్ధమైన థోరియం కొన్ని నెలలపాటు తన తెల్లని నిగ్గును నిలుపుకొంటుంది. పొడిగా చేస్తే మాత్రం రెండూ గాలిలో వాటంతట అవే అంటుకొనగల గుణం కలవి.

బంగారంతో బరువు తూగే ఆ లోహం ప్రొద్దుటూరు బజారులో కాక, అదే జిల్లాలో పులివెందులకు సమీపాన ఉన్న వేముల మండలంలో, తుమ్మలపల్లె అనే గ్రామం క్రింద, బూడిదరంగు రాతిలో కంటికి కనబడకుండా ఒదిగి ఉన్నది.

ఈ రెండు లోహాలు ఆవర్తన పట్టికలో ఆక్టినైడులు అనే వరుసకు చెందినవి. పట్టిక అడుగున విడిగా ముద్రించే రెండు వరుసలలో క్రిందిది ఇదే. థోరియం పరమాణు సంఖ్య 90, యురేనియం పరమాణు సంఖ్య 92. నడుమ ఉన్న 91 ప్రొటాక్టినియానిది. ఆక్టినైడులలో ప్రకృతిలో చెప్పుకోదగినంత పరిమాణంలో లభించేవి థోరియం, యురేనియం మాత్రమే. మిగిలినవాటిలో కొన్ని వీటి క్షయం వలన లేశమాత్రంగా పుడతాయి. చాలావాటిని మానవుడే ప్రయోగశాలలో సృష్టించుకొన్నాడు.

పేర్ల విషయంలోను వీటికి ఒక పోలిక ఉన్నది. 1789లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు మార్టిన్ హైన్‌రిఖ్ క్లాప్రోత్ పిచ్‌బ్లెండ్ అనే నల్లని ఖనిజంలో ఒక కొత్త మూలకం ఉన్నదని గుర్తించాడు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1781లో, యురేనస్ గ్రహాన్ని కనుగొన్నారు. ఆ గ్రహం పేరునే క్లాప్రోత్ తన మూలకానికి పెట్టాడు. అతడు లోహమనుకొన్నది నిజానికి దాని ఆక్సైడు. అసలు లోహాన్ని 1841లో ఫ్రాన్సుకు చెందిన యూజీన్ పెలిగో వేరుచేశాడు. నార్వే దేశపు ఒక దీవిలో దొరికిన నల్లని రాయిని పరీక్షించి స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ 1829లో థోరియాన్ని లోకానికి తెలిపాడు. ఉత్తర ఐరోపా ప్రజలు కొలిచిన ఉరుముల దేవుడు థోర్. అతని పేరే ఆ మూలకానికి వచ్చింది. అప్పటికి ఈ రెంటిలోను దాగిన శక్తి ఎవరికీ తెలియదు. ఒకటి గ్రహం, ఒకటి దేవుడు. పేర్లు మాత్రం ముందే సరిపోయాయి.

1896లో హెన్రీ బెకరెల్ యురేనియం లవణాన్ని నల్లకాగితంలో చుట్టిన ఫొటో పలక మీద ఉంచి, వెలుతురు సోకకపోయినా పలక మీద ముద్ర పడడం గమనించాడు. రెండేళ్ళ తరువాత, 1898లో, థోరియానికి కూడా అదే గుణం ఉన్నదని గెర్హార్డ్ ష్మిట్, మేరీ క్యూరీ వేర్వేరుగా నిరూపించారు. ఆ గుణానికి రేడియోధార్మికత అనే పేరు స్థిరపడింది.

రేడియోధార్మిక పదార్థపు పరమాణువులు ఒకదాని తరువాత ఒకటి విచ్ఛిన్నమై వేరొక మూలకంగా మారుతూ ఉంటాయి. ఉన్నవాటిలో సగం అలా మారడానికి పట్టే కాలాన్ని అర్ధజీవితకాలం అంటారు. థోరియం-232 అర్ధజీవితకాలం సుమారు 1,405 కోట్ల సంవత్సరాలు. యురేనియం-238కి సుమారు 447 కోట్లు. యురేనియం-235కు సుమారు 70 కోట్లు. ఎంత మెల్లగా క్షయమైతే అంత తక్కువ కిరణాలు వెలువడతాయి. ఒక గ్రాము యురేనియం-238లో సెకనుకు సుమారు 12,400 పరమాణువులు విచ్ఛిన్నమైతే, ఒక గ్రాము థోరియంలో నాలుగు వేలకు కాస్త పైన మాత్రమే విచ్ఛిన్నమవుతాయి. కనుక యురేనియంతో పోలిస్తే థోరియం నెమ్మది గల లోహం. రెండూ ముఖ్యంగా ఆల్ఫా కణాలనే వెలువరిస్తాయి. ఆల్ఫా కణాలను ఒక కాగితం, మనిషి చర్మం కూడా ఆపగలవు. ధూళి రూపంలో ఊపిరితిత్తులలోకి, నీటి ద్వారా కడుపులోకి చేరినప్పుడే వాటి వలన అసలు ప్రమాదం.

వేడిని తట్టుకోవడంలో థోరియానిదే పైచేయి. యురేనియం సుమారు 1,132 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. థోరియం కరగడానికి 1,750 డిగ్రీలు కావాలి. థోరియం ఆక్సైడు సుమారు 3,300 డిగ్రీల వరకు కరగదు. తెలిసిన ఆక్సైడులన్నింటిలోను ఎక్కువ వేడిని తట్టుకొనేది అదే.

అయితే ఈ రెంటి తలరాతలను వేరుచేసినది బరువు కాదు, వేడి కాదు. నీటితో వాటికి గల సంబంధం. థోరియానికి రసాయన చర్యలలో దాదాపు ఒకే ఒక ఆక్సీకరణ స్థితి ఉన్నది, అది నాలుగు. ఆ స్థితిలో అది నీటిలో కరగదు. యురేనియానికి నాలుగుతో పాటు ఆరు అనే స్థితి కూడా ఉన్నది. ప్రాణవాయువు తగిలితే అది ఆరవ స్థితికి ఎక్కి, కార్బొనేటులతో జతకట్టి, నీటిలో సులభంగా కరిగి ప్రయాణిస్తుంది. ప్రాణవాయువు లేని చోటు తటస్థపడితే మళ్ళీ నాలుగుకు దిగి, ఘనరూపంలో స్థిరపడుతుంది. థోరియం ఇల్లు కదలని గృహస్థు. యురేనియం నీటి వెంట తిరిగే సంచారి. కడప రాయి, కడలి ఇసుక అనే రెండు నివాసాలు వీటికి ఏర్పడిన కారణం ఇందులోనే ఉన్నది.

మొదట ఇసుక సంగతి. తూర్పు కనుమలలోని రాళ్ళు ఎండకు, వానకు యుగాల తరబడి శిథిలమైనప్పుడు వాటిలోని మోనజైట్ అనే ఖనిజం గింజలు గింజలుగా బయటపడింది. అది ఫాస్ఫేటు ఖనిజం; సుమారు తొమ్మిది, పది శాతం థోరియం ఆక్సైడు దానిలో ఉంటుంది. అది నీటిలో కరగదు. అరగడం కూడా తక్కువ. వాగులు, నదులు దానిని సముద్రానికి చేర్చాయి. అలలు తేలిక ఇసుకను లోపలికి లాగి, బరువైన గింజలను ఒడ్డున వదిలాయి. చాటలో చెరిగినప్పుడు పొట్టు ముందుకు పోయి గింజ వెనుక నిలిచినట్లే ఇది జరిగింది. భీమునిపట్నం మొదలుకొని శ్రీకాకుళం వరకు తీరంలో అక్కడక్కడ కనబడే నల్లని ఇసుక చారలలో ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్‌లతో పాటు ఈ మోనజైట్ కూడా ఉన్నది. అణు ఖనిజాల సంచాలక కార్యాలయం లెక్కల ప్రకారం దేశంలోని మోనజైట్ నిల్వలలో దాదాపు మూడో వంతు ఆంధ్రప్రదేశ్‌దే. ఆ సంస్థ కేంద్ర కార్యాలయం హైదరాబాదులోని బేగంపేటలో ఉన్నది.

యురేనియం దారి వేరు. వేంపల్లె, పులివెందుల ప్రాంతపు డోలమైట్ రాళ్ళు 180 కోట్ల ఏళ్ళకు పైబడినవి. ఇప్పుడు తుమ్మచెట్లు, చీనీ తోటలు, అరటి తోటలు ఉన్న చోట ఆనాడు లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పెరిగి, సున్నపుబురదను పట్టి ఉంచాయి. ఆ పొరల గుర్తులు నేటికీ వేంపల్లె రాళ్ళలో ఉల్లిపొరలవలె కనబడతాయి. భూమి వాతావరణంలో ప్రాణవాయువు చేరడం అప్పటికే మొదలై ఉన్నందున చుట్టుపట్ల రాళ్ళలోని యురేనియం నీటిలో కరిగి ఆ సముద్రానికి వచ్చింది. అడుగున సేంద్రియ పదార్థం, ఫాస్ఫేటు ఉన్నచోట అది స్థిరపడిపోయిందని భూవిజ్ఞానుల అభిప్రాయం. ఇట్లు యురేనియం కలిగిన డోలమైట్ పట్టీ సుమారు 160 కిలోమీటర్ల పొడవున సాగి ఉన్నట్లు గుర్తించారు. నేటికీ ఈ భేదం మారలేదు. సముద్రజలంలో టన్నుకు సుమారు మూడు మిల్లీగ్రాముల యురేనియం కరిగి ఉంటుంది, థోరియం లేనట్లే. భీమిలి ఒడ్డున నిలిచినవాని పాదాల క్రింది ఇసుకలో థోరియం, పాదాలను తడిపే నీటిలో యురేనియం ఉన్నాయన్నమాట.

ఆ రాయి పుట్టిననాటికీ, నేటికీ యురేనియంలో వచ్చిన మార్పు ఒకటి గమనింపదగినది. ఇప్పుడు లభించే యురేనియంలో 99.27 శాతం యురేనియం-238, మిగిలిన 0.72 శాతం యురేనియం-235. 180 కోట్ల ఏళ్ళ క్రితం ఉన్న యురేనియం-238లో ఈనాటికి మూడు వంతులు మిగిలితే ఒక వంతు క్షయమైంది. యురేనియం-235 మాత్రం ఆరింట ఒక వంతే మిగిలింది. వెనుకకు లెక్క వేస్తే ఆనాడు యురేనియం-235 మూడు శాతం దాకా ఉండేదని తేలుతుంది. ఈనాడు అణువిద్యుత్కేంద్రాలలో కొన్నింటికి శ్రమపడి అంతమేరకు దానిని పెంచవలసి వస్తున్నది. ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఓక్లో అనే చోట, దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళ క్రితం, మనిషి ప్రమేయం లేకుండా భూమిలోనే అణుచర్య నడిచి ఆగిపోయిన ఆనవాళ్ళు 1972లో బయటపడ్డాయి. ప్రకృతి ముందే చేసి చూచిన పనిని మానవుడు ఆలస్యంగా నేర్చుకొన్నాడు.

యురేనియం-235కు గల విశేషమేమిటో 1938 చివర తెలిసింది. ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియం మీద న్యూట్రాన్‌లను ప్రయోగించగా దానికంటె ఎంతో తేలికైన బేరియం లభించింది. కేంద్రకం రెండుగా చీలడమే దీనికి కారణమని లీజ్ మైట్నర్, ఆటో ఫ్రిష్ వివరించారు. ఒక కేంద్రకం చీలినప్పుడు రెండు మూడు న్యూట్రాన్‌లు వెలువడి మరికొన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఇదే శృంఖల చర్య. ఒక కిలో యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే వచ్చే వేడి రెండున్నర వేల టన్నులకు పైబడిన మేలైన బొగ్గును కాల్చిన వేడికి సమానం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రజలకు ముద్దనూరు వద్ద గల రాయలసీమ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు పరిచితమైనవే. అక్కడి 210 మెగావాట్ల యూనిట్లలో ఒకదానిని ఒక దినమంతా నడపడానికి ఆ ఒక్క కిలో వేడి సరిపోయి ఇంకా మిగులుతుంది. ఆ బొగ్గు రైలుపెట్టెలను తలచుకొంటే కిలో విలువ తెలుస్తుంది.

కాని ఆ కిలో ఊరికే రాదు. ఒక కిలో యురేనియం-235 కోసం సుమారు 140 కిలోల సహజ యురేనియం కావాలి. తుమ్మలపల్లెలో టన్ను రాయిని తవ్వితే అర కిలో యురేనియం ఆక్సైడు కూడా ఉండదు. అర కిలో అనుకొన్నా, మూడు వందల టన్నులకు పైగా రాయిని తవ్వి, పిండి చేయవలసి ఉంటుంది. కెనడాలోని కొన్ని గనుల రాతిలో పది శాతం మించిన యురేనియం ఉన్నది. మరి ఇంత పేద రాయిని తవ్వడమెందుకు? అణుసరఫరా దేశాల కూటమి 2008 సెప్టెంబరులో ఆంక్షలు సడలించేవరకు భారతదేశానికి బయటినుండి యురేనియం దొరకడం దుర్లభంగా ఉండేది. ఇంధనం చాలక దేశంలోని అణువిద్యుత్కేంద్రాలు తమ సామర్థ్యం కంటె తక్కువగా పనిచేసిన కాలమది. తుమ్మలపల్లె గనికి 2007లో శంకుస్థాపన జరగడం ఆ కొరత నేపథ్యంలోనే. భారత యురేనియం కార్పొరేషన్ నెలకొల్పిన ఆ గని, శుద్ధి కర్మాగారం 2012లో ఉత్పత్తి ప్రారంభించాయి. దినానికి మూడు వేల టన్నుల రాయిని శుద్ధి చేసేటట్లు దానిని రూపొందించారు. ఈ ప్రాంతంలో 49,000 టన్నుల నిల్వలు నిర్ధారణ అయ్యాయనీ, అవి లక్షన్నర టన్నుల వరకు పెరగవచ్చుననీ 2011లో అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ప్రకటించారు.

ఈ కర్మాగారం ఇతర గనులకు భిన్నంగా పనిచేయడానికి కారణం జమ్మలమడుగు నాపరాళ్ళతో తెలుసుకోవచ్చు. కడప బండ అని ఊరూరా ఇళ్ళలో పరచుకొనే ఆ నల్లరాయి సున్నపురాయి. దాని మీద సజల హైడ్రోక్లోరికామ్లం రెండు చుక్కలు వేస్తే నురగ పొంగుతుంది. కళాశాల ప్రయోగశాలలో ఈ పరీక్ష చేయని విద్యార్థి ఉండడు. డోలమైట్ కూడా కార్బొనేటు రాయే. పొడి చేసి ఆమ్లం పోస్తే అదీ పొంగుతుంది. ఝార్ఖండ్‌లోని జాదుగూడలో రాతి నుండి యురేనియాన్ని ఆమ్లంతో కరిగించి తీస్తారు. తుమ్మలపల్లెలో అదే చేస్తే పోసిన ఆమ్లమంతా రాయే త్రాగివేస్తుంది. యురేనియం వంతుకు ఏమీ మిగలదు. అందుచేత ఇక్కడ క్షారమార్గం అవలంబించారు. రాతిపిండిని సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంలో కలిపి, మూసిన పాత్రలలో పీడనంతో, వేడితో, ఆక్సిజన్ పంపి ఉడికిస్తారు. యురేనియం నాలుగవ స్థితి నుండి ఆరుకు ఎక్కి ద్రావణంలోకి దిగుతుంది. దానికి కాస్టిక్ సోడా చేర్చితే సోడియం డైయురేనేటు పసుపుపచ్చని మడ్డిగా అడుగున పేరుకొంటుంది. కోట్ల ఏళ్ళ క్రితం నీరు ఆ యురేనియాన్ని ఏ రసాయన గుణం వలన సముద్రానికి తెచ్చినదో అదే గుణాన్ని కర్మాగారం కొన్ని గంటలలో ఉపయోగించుకొంటున్నది. ఆ పసుపు పదార్థం హైదరాబాదులో 1971లో నెలకొన్న అణు ఇంధన సంస్థకు చేరి, బిళ్ళలుగా, కడ్డీలుగా మారి, రియాక్టరులకు వెళుతుంది. ఆ రియాక్టరులలో వాడే భారజలం కొంత గోదావరి ఒడ్డున మణుగూరులో తయారవుతుంది.

యురేనియానికి ఇంధనం కాక ఇతర ఉపయోగాలు కొద్ది. పూర్వం గాజుకు పసుపుపచ్చ, లేతాకుపచ్చ రంగులు తెప్పించడానికి దానిని వాడేవారు. యురేనియం-235 తీసివేయగా మిగిలినదానిని, బరువు చేత, విమానాలలో తూకపు దిమ్మెలుగాను, గామా కిరణాలను అడ్డగించే తొడుగులుగాను వాడారు. యుద్ధాలలో వాడినదీ ఉన్నది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడిన బాంబు యురేనియం-235తో చేసినదే.

థోరియం చరిత్ర వెలుగుతో మొదలైంది. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ వాన్ వెల్స్‌బాఖ్ 1891 నాటికి తొంభైతొమ్మిది పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు గల దీపపు మాంటిల్‌ను తయారుచేశాడు. తెలుగు పల్లెలకు విద్యుత్తు రాకమునుపు పెండ్లి ఊరేగింపు ముందు, వీధినాటకం పందిరిలో, భజనమందిరం వద్ద వెలిగిన పెట్రోమాక్స్ దీపాలలోని తెల్లని సంచి అదే. థోరియం లవణంలో తడిపి ఆరబెట్టిన ఆ గుడ్డను మొదటిసారి అంటించగానే నూలు కాలిపోతుంది. ఆక్సైడు మాత్రం వల రూపంలో నిలిచి, మంటలో కరగక, కళ్ళు జిగేలుమనే వెలుగునిస్తుంది. వ్రేలు తగిలితే బూడిదై రాలిపోయే ఆ వలను జాగ్రత్తగా కట్టడం ఒక విద్య. అది రేడియోధార్మిక పదార్థమని కట్టినవారికి గాని, ఆ వెలుగులో నాటకం చూచినవారికి గాని తెలియదు. కేరళ తీరపు మోనజైట్ బయటపడిన కథ కూడా దీపానికి సంబంధించినదే. తిరువాన్కూరు నుండి ఎగుమతియైన కొబ్బరిపీచుకు అంటుకొన్న ఇసుకలో 1909లో షాంబర్గ్ అనే జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఆ గింజలను గుర్తించాడు. తరువాత ఆ ఇసుక ఓడలకెక్కి జర్మనీలో మాంటిళ్ళుగా మారింది.

మాంటిల్ తరువాత వెల్డింగ్‌లో వాడే టంగ్‌స్టన్ కడ్డీలకు, విమాన భాగాల మెగ్నీషియం మిశ్రమలోహాలకు, మేలురకపు కెమెరా కటకాలకు థోరియాన్ని చేర్చారు. అన్ని ఉపయోగాలూ మేలు చేసినవి కావు. 1930 తరువాత రెండు మూడు దశాబ్దాలు థోరియం ఆక్సైడు ద్రవాన్ని ఎక్స్‌రే చిత్రాలు స్పష్టంగా రావడానికి రోగుల రక్తనాళాలలోకి ఎక్కించారు. శరీరం నుండి అది బయటకు పోలేదు. కాలేయంలో నిలిచి, ఏళ్ళ తరువాత కాన్సర్‌ను కలిగించింది. కదలని గుణం ఇసుకలో మేలయినట్లు దేహంలో మేలు కాలేదు. నేడు చాలా దేశాలలో మాంటిళ్ళలో సైతం థోరియానికి బదులు యిట్రియం వాడుతున్నారు.

ఇక ఇంధనంగా థోరియం. భూమి పైపొరలో యురేనియం కంటె అది మూడింతలకు పైగా ఉన్నది. భారతదేశానికి యురేనియం కొరత, థోరియం సమృద్ధి. అయితే థోరియం-232 నెమ్మది న్యూట్రాన్‌లతో తనంతట చీలదు. పాలు ఎన్ని ఉన్నా తోడు వేయనిదే పెరుగు కాదు. థోరియానికి యురేనియం-235 గాని, ప్లుటోనియం గాని తోడు కావాలి. వాటి నుండి వచ్చిన న్యూట్రాన్‌ను గ్రహించి అది థోరియం-233 అవుతుంది. దాని అర్ధజీవితకాలం 22 నిమిషాలు. అది ప్రొటాక్టినియం-233గా మారుతుంది. దానికి 27 దినాలు. ఆపై యురేనియం-233 పుడుతుంది. అది యురేనియం-235వలె చక్కగా చీలుతుంది. నిన్నటి పెరుగే నేటి పాలకు తోడైనట్లు ఆ యురేనియం-233 మరికొంత థోరియాన్ని మార్చగలదు. హోమీ భాభా 1954లో ప్రతిపాదించిన మూడు దశల అణుకార్యక్రమానికి ఆధారం ఇదే. మొదటి దశలో సహజ యురేనియంతో విద్యుత్తు, ప్లుటోనియం. రెండవ దశలో వేగవంతమైన బ్రీడర్ రియాక్టరులు. మూడవ దశలో థోరియం. కల్పక్కంలో యురేనియం-233తో నడిచే కామిని అనే చిన్న రియాక్టరు 1996లో పనిచేయడం మొదలుపెట్టింది. దాని సామర్థ్యం 30 కిలోవాట్లు మాత్రమే. మూడవ దశ ఇంకా దూరాన ఉన్నది. యురేనియం-233తో పాటు పుట్టే యురేనియం-232 సంతతి తీవ్రమైన గామా కిరణాలను వెదజల్లడం వలన ఆ ఇంధనాన్ని మనుషులు దగ్గర నిలిచి తయారుచేయడం కుదరదు. సమృద్ధిగా ఉన్నది గదా అని థోరియాన్ని రేపటికే అన్నం పెట్టే లోహంగా వర్ణించడం తొందరపాటే.

అంతవరకు భారం తుమ్మలపల్లె వంటి గనుల మీదనే. మూడు వేల టన్నుల రాయి నుండి దినానికి టన్నున్నర కూడా యురేనియం ఆక్సైడు రాదు; మిగిలిన పిండి దాదాపు మొత్తం, శుద్ధికి వాడిన నీటితో కలిసి, వ్యర్థంగా బయటకు వస్తుంది. దానిని గొట్టాల ద్వారా పంపి టెయిలింగ్ పాండ్ అనే చెరువులో నిలువచేస్తారు. ఆ పిండిలో యురేనియం పోయినంత మాత్రాన రేడియోధార్మికత పోదు. ఈ రెండు లోహాల చుట్టరికం ఇక్కడే బయటపడుతుంది. యురేనియం-238 క్షయమై మొదట పుట్టించేది థోరియం-234ను. ఆ వంశంలో ఇంకా దిగువన థోరియం-230, దాని నుండి రేడియం-226, దాని నుండి రేడాన్ వాయువు పుట్టి, చివరకు సీసంతో కథ ముగుస్తుంది. శుద్ధిలో యురేనియం మాత్రమే కరిగి బయటకు పోతుంది. థోరియం తన స్వభావం చొప్పున కరగక పిండిలోనే ఉండిపోతుంది. రేడియం కూడా చాలావరకు అక్కడే ఉంటుంది. రాతిలోని మొత్తం రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఈ వ్యర్థంలోనే మిగులుతుందని లెక్క.

చెరువు సమీపాన ఉన్న కె.కె. కొట్టాల మొదలైన గ్రామాల రైతులు తమ బోరుబావుల నీరు చెడిపోయినదని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు. ఆ మార్పులకు తమ చెరువు కారణం కాదని కర్మాగారం వారు చెప్పారు. చెరువు అడుగున వేసిన పొర నీటిని ఇంకనీయకుండా ఆపగలదా అన్నది వివాదంలో ముఖ్యాంశమైంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో నిపుణుల సంఘాన్ని పంపి పరిశీలింపజేసింది. ఇటువంటి వివాదంలో ఉభయుల మాటలను విచక్షణతో వినవలసి ఉంటుంది. యురేనియం గల రాతి గుండా పారిన భూగర్భజలంలో గని లేకున్నా కొంత యురేనియం ఉండవచ్చు. అంతమాత్రం చేత చెరువు నుండి ఏదీ ఇంకడం లేదని రుజువు కాదు. గని రాకమునుపు ఏ బావిలో ఎంత ఉండేదో కొలిచి ఉంచిన లెక్క, వచ్చిన తరువాత ఏటేటా కొలిచిన లెక్క, రెండూ గ్రామస్థుల కళ్ళయెదుట ఉన్నప్పుడే ఈ తగవు తీరుతుంది.

త్రాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భారత అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనకు ముఖ్యకారణం కిరణాలు కావు. కరిగిన యురేనియం సీసంవలె రసాయనికంగానే విషం. మూత్రపిండాలకు హాని చేస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మరగబెట్టినా పోదు, సరికదా నీరు తగ్గిన కొద్దీ చిక్కబడుతుంది. బిందెలోని నీరు తేటగా ఉన్నదని నమ్మి త్రాగే ఇల్లాలికి ప్రయోగశాల నివేదిక తప్ప వేరొక ఆధారం లేదు.

జమ్మలమడుగు చెంత పెన్నానది కొండను కోసిన చోట గండికోట నిలిచి ఉన్నది. దానికి తొమ్మిది వందల ఏళ్ళ చరిత్ర చెప్పుకొంటారు. కట్టినవారి వంశాలు పోయాయి, రాజ్యాలు మారాయి, భాషలో మాటలు సైతం మారాయి. రేడియం-226 అర్ధజీవితకాలం 1,600 ఏళ్ళు. దానిని నిరంతరం పుట్టిస్తూ ఉండే థోరియం-230ది సుమారు 75,000 ఏళ్ళు. తుమ్మలపల్లె చెరువులోని పిండి మీద గండికోట వయసంత కాలం గడిచినా దానిలోని థోరియం-230లో నూటికి ఒక వంతు కూడా తరగదు. ఆ చెరువుకు కట్టను, అడుగు పొరను, పైకప్పు మట్టిని, కావలిని ఏర్పాటు చేయవలసినవారు లెక్కలోకి తీసుకోవలసిన కాలం అది.